మగ్గం మీది చీర

కరెంటు పోయింది.
నవనీత గడపల కూసోని ఇంగ్లీషు గ్రామరు పైకి చదువుతున్నది.
నేను ఆసు పోస్తున్న.
చెయ్యి పోతది, వస్తది, పోతది, వస్తది.
కొయ్యలగూడెం నుంచి నల్లగొండ దాకా
నడిచే ఉంటది ఈ చెయ్యి పొద్దటి సంది,
గోడ మాత్రం దాటలేదు.

"ది సారీ విత్ ది రెడ్ బార్డర్.
ఇండ్ల విశేషణం ఏదమ్మా?"
ఎర్రది, అన్న.
ఒక్క ఎర్రదే కాదట.
విత్ కాడ మొదలుపెట్టి బార్డర్ దాకా
నాలుగు మాటలు చెయ్యి చెయ్యి పట్టుకొని వచ్చి
చీర ఎనక నిలబడి
ఒక్క మాటోలె పని చేస్తయట.
నలుగురు కూలీలు, ఒక్క హాజరు.

జుబేదా మేడం ఉపాయం చెప్పిందట:
ఎసొంటిది అని అడుగు, ఏది అని అడుగు,
పలికితే అదే.
ఎక్కడ, ఎప్పుడు, ఎట్ల అంటే పలికేది
వేరే ఇంటిది.

"ఆన్ ది లూమ్" కాడికొచ్చి పిల్ల ఆగింది.
పుస్తకం ఒకసారి ఔనంటది, ఒకసారి కాదంటది.
అవే మూడు మాటలు.
పెన్సిలు కొరుకుతున్నది.
నాకు నవ్వొచ్చింది.
చీర మగ్గం మీద ఉన్నది. ఇది చోటు.
మగ్గం మీది చీర సేటుది. ఇది, ఏ చీరో.
మీద, మీది.
ఒక్క గుడి తేడా బిడ్డా.
రెండో తరగతిల బడి మానేసిన గని
గుణింతం మర్వలేదు.

పిల్ల నా దిక్కు కొత్తగ చూసింది.
చూసి ఊకున్నదా, లేదు.
"మరి వాళ్లకు చీర ముందొచ్చి అంచు ఎనకెందుకొస్తది?
మనం ఎర్రంచు చీర అంటం గదా?"

చిటికి కట్టే ఇంట్ల అడగాల్సిన మాటనా ఇది?
సైకిలు ట్యూబు సన్నగ కోసి
నూలు మీద ముడి మీద ముడి ఏసి
ఎరుపుల ముంచి, ఆరేసి, ఇప్పి,
మళ్ల కట్టి, నలుపుల ముంచి...
ఏనుగు ముందుగాల నూలు మీదనే పుడుతది,
ఈడ తొండం, ఆడ తోక.
చీర అప్పటికి యాడున్నది?
మన మాటా గంతే.
రంగంతా ముందు తాగి
ఆఖరుకు పేరు నేస్తది.
వాళ్లది అచ్చు గుడ్డ.
తెల్ల తాను పరిచినంక
దాని మీద పువ్వు గుద్దుతరు.

చెప్పినంక కొంచెం గర్వమే అయింది.
కరెంటొచ్చింది, ఫ్యాను తిరిగింది,
పుస్తకం పేజీలు వాటంతటవే మర్లినయి.

రాత్రి నిద్ర పట్టలేదు.
మూడు మగ్గాలమ్ముకున్నోని కోడలు అండాలు.
ఊర్ల నా పేరది.
చౌటుప్పల బ్యాంకుల కూడ ఎవరో గట్లనే పిలిచిండ్రు,
లైన్ల ఉన్నోళ్లందరు మర్లి చూసిండ్రు.
ముందుగాల మగ్గాలు పోతయి,
ఎనక మామ వస్తడు,
చిట్టచివర, చెప్పులిడిసే కాడ, నేను.
రంగు ముందే పడ్డ నూలు
ఎన్ని నీళ్లల్ల జాడిచ్చినా ఎలవదు,
మా పనితనం గదే.
గని ఆ ముడి నేను కట్టలేదు గదా,
ఆ ముంచుడు నేను ముంచలేదు గదా.

తెల్లారి జడేస్తుంటే అన్న,
నా మీద ఒకటి రాయి, మీ ఇంగ్లీషుల.
మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకొని రాసింది.
"అండాలు, ది వుమన్ విత్"
గంతే, అక్కడ గీత గీసి ఆపింది.

ముందు నేనేనా?
ముందు నువ్వే.
ఎనక?
"నువ్వే చెప్పాలె. ఏం పెట్టమంటవ్?"

జడ సగంల ఉన్నది.
ఆటో హారను కొడుతున్నది బయట.
రిబ్బను నోట్ల పట్టుకొని నిలబడ్డ,
మాట్లాడరాదు.
పొద్దుమీకి చెప్త అన్నట్టు చెయ్యి ఊపిన.

పిల్ల పోయింది.
ఆసు కాడ కూసున్న.
చెయ్యి పోతది, వస్తది.
విత్...
పోగు తెగింది.
ఆగు, అతికించనియ్యి.